ఎనిమిది మంది, ఒక ఎక్సెల్ షీటు, జపాన్ ప్రయాణం

తెనాలి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ జపాన్ వెళ్లాలని సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు అనుకున్నారట. ఇంటిల్లిపాదీ అంటే ఎనిమిది మంది. ఆవిడ, భర్త, పదమూడేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ల అత్తగారు. హైదరాబాద్‌లో ఉండే మరిది, తోడికోడలు, వాళ్ల నాలుగేళ్ల బాబు. ఏప్రిల్ 27న బయల్దేరి మే 7న తిరిగి రావాలని అనుకుంటున్నారు. ఏర్పాట్లన్నీ ఈవిడ మీదే పడ్డాయి.

మరిది రోజూ రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో ఒక లింకు పంపిస్తాడు, "వదినా, ఇది ఇంకా చవక" అని. తోడికోడలికి ఈ తలనొప్పి లేకుండా ప్యాకేజీ టూర్‌లో పోదామని ఉంది. భర్తను అడిగితే "మీరు ఏది చేస్తే అదే" అంటారు. రెండేళ్ల క్రితం థాయిలాండ్ ట్రిప్పు కూడా ఈవిడే చూసుకున్నారు. హోటల్ బీచ్‌కి దూరమైంది, ఎయిర్‌పోర్టుకి రావాల్సిన కారు రాలేదు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ఆ కారు కథ చెప్పుకుని నవ్వుతారట. "నేనూ నవ్వుతాను. ఇంటికొచ్చాక రెండు రోజులు మనసు బాగోదు" అని రాశారు.

అత్తగారికి మోకాళ్ల నొప్పులు. గుడ్డు కూడా ముట్టని శాకాహారి. "ఆవిణ్ణి ఆడపడుచు గారింట్లో దించి వెళ్దాం, అక్కడ మెట్లెక్కలేరు" అని తోడికోడలు ఫోన్లో అన్న మాట స్పీకర్‌లో ఆవిడ చెవిన పడింది. అప్పటి నుంచి "నన్నొదిలేయండమ్మా, మీరు వెళ్లి రండి" అంటున్నారట. సంక్రాంతి నాడు మాత్రం, నారా అనే ఊళ్లో పెద్ద బుద్ధుడున్నాడని మనవడు ఫోన్లో చూపిస్తే, "అమరావతి పక్కన పుట్టినదాన్ని, ఈయన్నొక్కసారి చూస్తే చాలు" అన్నారట.

"ప్యాకేజీకి ఇచ్చేయనా, నేనే చేయనా, అసలు మానేయనా?" ఇదీ ప్రశ్న.

* * *

అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన ఎక్సెల్ షీటు కూడా చూశాను. పదకొండు రంగులు వాడారు. ఆఖరి నిలువు వరుసకు "ఎవరు అడిగారు" అని పేరు పెట్టారు. అందులో అందరి పేర్లూ ఉన్నాయి, మీ పేరు ఒక్కచోటా లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను. ఎందుకంటే అంతకంటే తొందరగా చూడాల్సింది ఒకటుంది, మీ తేదీలు.

ఏప్రిల్ 29, మే 5 మధ్య జపాన్‌లో సెలవులు దగ్గర దగ్గరగా వస్తాయి. గోల్డెన్ వీక్ అంటారు. మన సంక్రాంతికి విజయవాడ బస్టాండ్ ఎలా ఉంటుందో అప్పుడు అక్కడి రైల్వే స్టేషన్లు అలా ఉంటాయి. మీరు మూడో తేదీన టోక్యో నుంచి క్యోటోకు రైలు వేసుకున్నారు. ఊరంతా టోక్యో వదిలి బయటికి పోయే రోజు అది. మామూలు రోజుల్లో నొజోమి అనే బుల్లెట్ రైళ్లలో రిజర్వేషన్ లేని పెట్టెలు కొన్ని ఉంటాయి. ఈ రద్దీ వారంలో అవీ ఉండవు, అన్నీ రిజర్వు సీట్లే. హోటల్ ధరలు ఎందుకు మండిపోతున్నాయో మీకు అర్థం కాలేదని రాశారు. కారణం ఇదే. మీరు వెతకడంలో తప్పేం లేదు.

పిల్లల బడులు తెరిచేది జూన్ రెండో వారంలో కాబట్టి, మే 10 తర్వాత బయల్దేరితే రద్దీ తగ్గి ఉంటుంది. జూన్ మొదట్లో అక్కడ వానాకాలం మొదలవుతుంది. ఆలోపు వచ్చేయొచ్చు. నన్నడిగితే మే రెండు, మూడు వారాలే. కానీ మీ మరిదికి సెలవు ఇప్పటికే మంజూరైందన్నారు. మార్చడం కుదరదంటే ఆ తేదీల్లోనే వెళ్లండి, అయితే మూడు నుంచి ఐదు దాకా ఊరు మారే ప్రయాణం పెట్టుకోవద్దు. రైలు టికెట్లు నెల ముందు అక్కడి ఉదయం 10 గంటలకు తెరుస్తారు, అంటే మనకు 6:30. ఆ పూట ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. హోటళ్లకు ఎక్కువ డబ్బు పోతుంది. అది అందరికీ ముందే తెలియాలి, వెళ్లొచ్చాక కాదు.

ఇక విమానాలు. మీ మరిది పంపిన లింకు హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు ఒక కంపెనీలో, అక్కడి నుంచి టోక్యోకు ఇంకో కంపెనీలో. మధ్యలో మూడు గంటలు. మనిషికి పదకొండు వేలు మిగులుతుందని, ఎనిమిది మందికి ఎనభై ఎనిమిది వేలని లెక్క వేశాడు. లెక్క తప్పు కాదు. కానీ రెండూ వేర్వేరు టికెట్లు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి సంబంధం లేదు, టికెట్ పోయినట్టే. అంతకంటే పెద్ద చిక్కు సామాను. ఒకే టికెట్ అయితే శంషాబాద్‌లో వేసిన పెట్టె టోక్యోలో తేలుతుంది. విడి టికెట్లయితే మామూలుగా సింగపూర్‌లో దాన్ని మీరే తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. మన పాస్‌పోర్ట్‌తో బయటికి రావాలంటే మామూలుగా సింగపూర్ వీసా ఉండాలి, జపాన్ వీసా ఉన్నవాళ్లకు కొన్ని షరతుల మీద మినహాయింపు దొరకొచ్చు. ఎనిమిది మందికి ఆ వీసాలు కావాల్సి వస్తే వాటి ఖర్చు, చవక విమానంలో పెట్టెలకు విడిగా కట్టే డబ్బు కలిపి చూడమనండి. ఎనభై ఎనిమిది వేలలో ఎంత మిగులుతుందో ఆయనకే తెలుస్తుంది. మీరు చెప్తే వాదనవుతుంది, ఆయనే లెక్క వేసుకుంటే కాదు.

మరి ఏం చేయొచ్చు? హైదరాబాద్ నుంచి టోక్యోకు ఒకే టికెట్ మీద సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్, హాంకాంగ్‌లలో ఏదో ఒక చోట మారి వెళ్లొచ్చు. ఢిల్లీ వెళ్లి అక్కడి నుంచి నేరుగా వెళ్తే, పెద్దావిడకు మధ్యదారిలో పరాయి దేశపు ఎయిర్‌పోర్టు తిరుగుడు తప్పుతుంది, ధర మాత్రం కొంచెం ఎక్కువ ఉండొచ్చు. మరిది పద్ధతే కావాలంటే, కౌలాలంపూర్‌లో ఒక రాత్రి ఆగేలా విడి టికెట్లు తీసుకోవచ్చు. ఈమధ్య మలేషియా మనవాళ్లను వీసా లేకుండా రానిస్తోంది, బుక్ చేసేముందు ఆ సడలింపు ఇంకా ఉందో లేదో చూసుకోవాలి. అప్పుడు ఆలస్యం భయం ఉండదు, అత్తగారికి నడుము వాల్చే వీలు దొరుకుతుంది. సెలవులో ఒక రోజు మాత్రం పోతుంది.

ఏది తీసుకున్నా ఒక్కటి మార్చండి. మీ షీటులో టోక్యోలో దిగి, ఒసాకా దాకా వెళ్లి, మళ్లీ టోక్యోకొచ్చి విమానం ఎక్కుతున్నారు. టికెట్ వెతికేచోట "మల్టీ సిటీ" అని ఉంటుంది. దాంట్లో టోక్యోకు వెళ్లి ఒసాకా నుంచి తిరిగొచ్చేలా చూడండి. రేటు చాలాసార్లు అటూ ఇటూ అంతే ఉంటుంది. తిరుగు రైలు ఖర్చు, ఒక పగలు మిగులుతాయి.

దిగే టైమూ చూడాలి. మరిది లింకులో టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్టుకు చేరేది రాత్రి 10:40. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి పన్నెండు దగ్గర పడుతుంది, అక్కడ రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి. నిద్రమత్తులో ఉన్న నాలుగేళ్ల పిల్లాడు, మోకాళ్లు పట్టేసిన పెద్దావిడ, ఎనిమిది పెట్టెలు. టాక్సీలు కనీసం రెండు కావాలి. రాత్రి పది దాటాక టాక్సీకి అదనపు చార్జీ ఉంటుంది. ఆ విమానమే కావాలంటే మొదటి రాత్రి ఎయిర్‌పోర్టు హోటల్‌లోనే పడుకోండి. లేదా మధ్యాహ్నం దిగేది చూసుకోండి. టోక్యోకున్న ఇంకో ఎయిర్‌పోర్టు నరితాలో దిగే టికెట్ చవగ్గా దొరకొచ్చు, కానీ అక్కడి నుంచి ఊళ్లోకి ఎక్స్‌ప్రెస్ రైల్లో గంట. హనేడా అయితే లోకల్ రైల్లో ఊళ్లోని షినాగావా స్టేషన్‌కు పావుగంట. ఎనిమిది మంది రైలు చార్జీలు కూడా కలిపి పోల్చాలి, విమానం రేటొక్కటీ చూస్తే సరిపోదు.

బస గురించి మీరు రాసిన పేరా రెండుసార్లు చదివాను. టోక్యోలో ఎనిమిది మందికీ సరిపోయే ఒకే ఇల్లు దొరికింది, చవక, వంటగది కూడా ఉంది, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఈ చివరి మాటను మీరు బ్రాకెట్లో పెట్టారు. అమ్మా, అది బ్రాకెట్లో ఉండే మాట కాదు. రోజుకు రెండుసార్లు మూడంతస్తులు, నాలుగు రోజులు.

అక్కడి మామూలు హోటల్ గది చాలా చిన్నది. మన ఇళ్లలో పూజగది, దాని పక్క స్టోర్‌రూమ్ కలిపితే ఎంతో అంత. పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. చాలా హోటళ్లు గదికి కాకుండా మనిషికింత అని లెక్కిస్తాయి. ఇద్దరి గదిలో మూడోవాళ్లను సర్దుకుందాంలే అంటే కుదరదు. బుక్ చేసేటప్పుడే పిల్లల వయసులతో సహా ఎంతమందో చెప్పాలి. మీలాంటి గుంపులకు అపార్ట్‌మెంట్ హోటళ్లని ఉన్నాయి, నాలుగైదు పడకలు, చిన్న వంటగట్టు, లిఫ్ట్, కింద రిసెప్షన్. ఒకే చోట అలాంటివి రెండు తీసుకుంటే, మీ ఐదుగురు ఒకదాంట్లో, వాళ్ల ముగ్గురు ఇంకోదాంట్లో. ఒకే ఇంటికంటే ఖరీదు. కానీ పది రాత్రులు ఒకే బాత్‌రూమ్ ముందు ఇద్దరు తోడికోడళ్లు నిలబడటం కంటే ఇది నయమని నా ఉద్దేశం. పైగా ఏ కుటుంబం గది డబ్బు ఆ కుటుంబమే కట్టుకుంటే, "ఇంత రేటు పెట్టారా" అనే మాటే పుట్టదు.

వంటగట్టు గురించి ఇంకో మాట. తోడికోడలు ఇక్కడి నుంచి ఎలక్ట్రిక్ కుక్కర్ పట్టుకొస్తానన్నారట. వద్దనండి. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన కుక్కర్ సరిగా వేడెక్కదు. మీరు తీసుకునే వంటగదిలో రైస్ కుక్కర్ ఉందో లేదో ముందే అడిగితే సరిపోతుంది. అత్తగారికి అక్కడి హోటల్ తిండి కష్టం. పైకి కూరగాయల సూప్‌లా కనిపించేదాంట్లో కూడా చాలాసార్లు చేపతో కాచిన నీళ్లు ఉంటాయి, దాషి అంటారు. కందిపొడి, ఆవకాయ, పులిహోర గుజ్జు, అటుకులు పెట్టుకోండి. సీలు వేసిన ప్యాకెట్లయితే మేలు. మామిడిపళ్లు, పచ్చి కూరగాయలు తీసుకెళ్లొద్దు, కస్టమ్స్‌లో ఆపేస్తారు. మీ మరిదికి ఇష్టమని చికెన్ పచ్చడి కడుతున్నానని రాశారు. మాంసం కలిసినదేదీ రానివ్వరు, అది ఇక్కడే తినేయమనండి.

ఇక లోపల తిరగడం. షీటులో ఎనిమిది మందికీ ఏడు రోజుల జేఆర్ పాస్ (జపాన్ రైళ్లలో తిరగడానికి పర్యాటకులకిచ్చే పాస్) అని రాసి, పక్కన 29,650 యెన్లని వేశారు. ఏదో పాత వీడియోలో చూసి ఉంటారు. 2023 అక్టోబరులో దాన్ని 50,000 చేశారు. యెన్ అంటే మన అర్ధ రూపాయి పైచిలుకు. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలు ఒకవైపు సుమారు 14,000 యెన్లు. ఒసాకా నుంచి విమానం ఎక్కేట్టయితే ఆ ఒక్క టికెటే పెద్ద ఖర్చు, క్యోటో, నారా, ఒసాకా మధ్య తిరిగేవి చిల్లర లెక్కలు. పాస్ కొంటే దండగ. మీ అమ్మాయికి సగం టికెట్. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బాబుకు టికెట్ అక్కర్లేదు. అబ్బాయికి పన్నెండు దాటింది కాబట్టి పూర్తి టికెట్. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు తీసుకోండి, ఆకాశం తేటగా ఉంటే ఫుజి కొండ ఆ పక్కనే కనిపిస్తుంది. క్యోటోలో బస్సుకు మాత్రమే పనికొచ్చే ఒకరోజు పాస్ కూడా మీ షీటులో ఉంది. అదీ 2023లో అమ్మడం ఆపేశారు, కొట్టేయండి.

ఊళ్లో తిరగడానికి సుయికా లాంటి కార్డు మనిషికొకటి ఉంటే చాలు, రైలుకీ బస్సుకీ అదే ఆనిస్తారు. స్టేషన్ మిషన్‌లో దాన్ని నింపడానికి నోట్లు కావాలి, మన బ్యాంకు కార్డు గీకుదామంటే అక్కడ కుదరదు.

పెట్టెల సంగతి చాలామంది మర్చిపోతారు. టోక్యో-క్యోటో బుల్లెట్ రైల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టె ఉంటే, దానికి చోటున్న సీటును ముందే రిజర్వు చేయాలి. మన పెద్ద సైజు పెట్టెలు ఆ అంచునే ఉంటాయి, టేపుతో కొలవండి. అంతకంటే సుఖమైన దారి తక్కూబిన్. హోటల్ రిసెప్షన్‌లో పెట్టెలు అప్పగిస్తే, తర్వాతి రోజుకు క్యోటో హోటల్‌కు చేరుస్తారు. పెట్టెకు రెండు, మూడు వేల యెన్లు అవుతుంది. ఒక రాత్రికి కావాల్సిన బట్టలు, అత్తగారి మందులు చేతిసంచీలో ఉంచుకుంటే చాలు. అప్పుడు మీ ఆయన చేతులు ఖాళీగా ఉంటాయి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకోవడానికి.

మీ షీటులో ఐదు ఊళ్లు, ఐదు హోటళ్లు ఉన్నాయి. హకొనే, హిరోషిమా తీసేయొచ్చు. టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో నాలుగు, ఒసాకాలో రెండు. ఎవరైనా "హిరోషిమా లేకుండా జపానా" అంటే, వాళ్లు క్యోటో నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. ఎనిమిది మందీ ప్రతి చోటికీ కలిసి వెళ్లాలని ఎక్కడా రాసి లేదు. బాబును తీసుకుని మరిదివాళ్లు ఒసాకాలో యూనివర్సల్ స్టూడియోస్‌కు వెళ్లిన రోజు, మీరు గదిలో పడుకోండి.

ప్యాకేజీ విషయం. దాన్ని తీసిపారేయను. ఇక్కడి నుంచి వెళ్లే గుంపు టూర్లలో చాలావాటికి శాకాహారం దొరుకుతుంది, బస్సు హోటల్ గుమ్మం ముందు ఆగుతుంది, కారు రాకపోతే తిట్లు టూర్ మేనేజర్‌కు. మీకొచ్చిన కొటేషన్ మనిషికి రెండు లక్షల ముప్పై వేలు, మీ షీటు ప్రకారం లక్షా ఎనభై. ఆ యాభై వేలు మీ మనశ్శాంతి ధర అనుకుంటే అందులో తప్పేం లేదు. ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా పట్టుకుంటారు, ఆదాయపన్ను రిటర్న్స్ వేసినప్పుడు సర్దుకోవచ్చు గానీ ముందు కట్టాలి. ఇబ్బంది ఎక్కడంటే, పొద్దున ఎనిమిదింటికల్లా అందరూ బస్సులో ఉండాలి. అత్తగారు మెల్లగా నడిస్తే నలభై మంది చూస్తుంటారు. అది ఆవిడకు మోకాళ్ల కంటే ఎక్కువ నొప్పి. మధ్యదారి కూడా ఉంది. వీసా, విమానాలు, హోటళ్ల వరకు ఏజెంటుకు ఇచ్చి, తిరగడం మీరే చూసుకోవచ్చు. ఏజెంటు కమీషన్ పోతుంది, కానీ ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉంటాడు. ఏ దారైనా, వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగలిగే హోటళ్లే బుక్ చేయండి.

ఇప్పుడు ఆ నిలువు వరుస దగ్గరికొస్తాను. అన్నీ మీరే చేస్తే, అన్నీ మీకు నచ్చినట్టే జరుగుతాయన్నది నిజం. జరగనివి కూడా మీ ఖాతాలోకే వస్తాయి. నేనూ ఒకసారి మా వాళ్లను కౌలాలంపూర్ తీసుకెళ్లాను. జంట టవర్ల ముందు అందరూ ఫొటోలు దిగుతుంటే, చేతిలో ఫైలు పట్టుకుని టాక్సీవాడు ఎక్కువ తీసుకున్నాడా అని రసీదు లెక్కపెట్టాను. ఆ ఫొటోల్లో నేను తల వంచుకునే ఉన్నాను.

కాబట్టి పని పంచడం గురించి ఆలోచించండి. విమానాలు మరిదికి ఇచ్చేయొచ్చు. చవక టికెట్ వెతికే ఓపిక ఆయనకుంది. ఒకే టికెట్ మీద ఉండాలి, పగలు దిగాలి అని రెండు షరతులు చెప్పి వదిలేయండి. ఆయన కార్డుతోనే కొననివ్వండి. ఒసాకా రెండు రోజులూ తోడికోడలివి. వీసా కాగితాలు మీ ఆయన చూస్తారు. దీనివల్ల కొన్ని మీకు నచ్చనట్టు జరుగుతాయి, అది ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకోలేననుకుంటే అంతా మీ చేతిలోనే ఉంచుకోండి, కానీ డబ్బు కట్టేముందు ప్రతిదీ గ్రూపులో పెట్టి, "రేపు సాయంత్రంలోగా ఎవరూ వద్దనకపోతే కొనేస్తున్నా" అని రాయండి. థాయిలాండ్ కారు కథ మళ్లీ వస్తే, ఆ మెసేజ్ మీ దగ్గరుంటుంది.

అత్తగారిని వదిలి వెళ్లడం కూడా ఒక దారే. ప్రయాణం తేలికవుతుంది, అన్ని మెట్లూ ఎక్కొచ్చు. అయితే ఆడపడుచు గారిని ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. అసలు మనిషినీ ఎవరూ అడగలేదు. స్పీకర్‌లో విన్న మాటకు బదులుగా ఆవిడ "నన్నొదిలేయండి" అన్నారు, అది నిర్ణయం కాదు. డాక్టర్‌కు చూపించి, విమానంలో వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే అడిగిపెట్టుకుంటే, ఆవిడ రాలేని దూరమేమీ కాదు. నారా క్యోటో నుంచి రైల్లో ముప్పావు గంట. స్టేషన్ నుంచి ఆ బుద్ధుడుండే తోదైజి గుడి దాకా టాక్సీ చేసుకోండి, లోపల ఎంత నడవాలన్నది ఆవిడ ఇష్టం. పదిహేను మీటర్ల కంచు బుద్ధుడు. 752లో ఆయనకు కళ్లు తెరిపించే వేడుక జరిపింది మన దేశం నుంచి వెళ్లిన భిక్షువే, పేరు బోధిసేనుడు. ఇది మీ అత్తగారికి చెప్పండి. ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోవద్దు. పిల్లలు గుడి బయట తిరిగే జింకలకు బిస్కెట్లు పెడుతూ ఎంతసేపైనా ఉంటారు.

చివరగా పాస్‌పోర్టులు. మీరు ఏడుగురివే రాశారు, ఎనిమిదోది ఉందో లేదో, గడువెంతుందో రాయలేదు. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కోసారి పేరులో కలిసిపోయి ఉంటుంది, ఒక్కోసారి పొడి అక్షరమే ఉంటుంది. టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. ఇవాళ సాయంత్రం వెళ్లి ఆవిణ్ణే అడగండి. బీరువా తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయన్నారుగా, పక్కన కూర్చోవడానికి ఆ సాకు చాలు.